పుట్టింట్లో కాన్పు, అత్తింట్లో పెంపకం: మధ్యలో జారిపోతున్న మడమ పరీక్ష

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాలకు ఆంధ్రతో వియ్యం మామూలే. కోడలిది పాతపట్నమో, పాలకొండో, పార్వతీపురమో అయితే తొలి కాన్పు అక్కడే. మూడో నెలో, ఐదో నెలో వచ్చాక తల్లీబిడ్డలు ఒడిశాలోని అత్తవారింటికి చేరతారు. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాల (ఒంట్లో హార్మోన్లు, ఎంజైములు సరిగా తయారుకాని జబ్బుల) పరీక్షను ఈ రాకపోకలను లెక్కలోకి తీసుకోకుండా పెడితే, ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా ఈ జిల్లాల పిల్లలకు పూర్తిగా అందదు.

పరీక్ష చిన్నదే. పుట్టిన రెండు, మూడు రోజులకు మడమ మీద గుచ్చి, కొన్ని రక్తపు చుక్కలను ప్రత్యేకమైన కాగితంపై తీసి ఆరబెడతారు. 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ తెచ్చిన పద్ధతి ఇది. ఆరిన కాగితం పోస్టులోనూ పంపొచ్చు కాబట్టి ల్యాబ్ దూరంగా ఉన్నా ఫర్వాలేదు. అయితే మొదటి 24 గంటల్లో తీస్తే థైరాయిడ్ ఫలితం తప్పుగా రావచ్చు. సాధారణ కాన్పు అయితే మర్నాడే ఇంటికి పోదామనే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి.

థైరాయిడ్ లోపం మన దేశంలో సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. అన్నిసార్లూ వంశపారంపర్యం కాదు గానీ, ఈ కాగితం మీదే తెలుస్తుంది. బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తుంది. తర్వాత ఎక్కువ నిద్రపోతుంది, తక్కువ ఏడుస్తుంది, పచ్చకామెర్లు త్వరగా తగ్గవు. అసలు సతాయించని బంగారు తల్లి అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. మెదడు ఎదుగుదల దెబ్బతింటున్న రోజులవి. మొదటి రెండు వారాల్లోపు థైరాక్సిన్ మాత్రలు మొదలుపెట్టి సరైన మోతాదులో కొనసాగిస్తే దాదాపు అందరూ మామూలుగా చదువుకుని ఎదుగుతారు. కొద్ది రూపాయల మాత్ర అందక ఒక బిడ్డ జీవితాంతం మానసిక వైకల్యంతో ఉండిపోవడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం.

మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి లోపం మరీ తొందరపెడుతుంది. దాని తీవ్ర రూపంలో రెండో వారానికే వాంతులు, నీరసం మొదలై ప్రాణం మీదకు వస్తుంది. మగపిల్లల్లో పైకి గుర్తేమీ ఉండదు కాబట్టి ఇన్‌ఫెక్షన్ అనుకుని వైద్యం చేస్తారు.

మేనరికం సంగతి దాచుకోకుండా మాట్లాడుకోవాలి. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. దగ్గరి బంధువులు పెళ్లి చేసుకుంటే ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. మేనమామను చేసుకుంటే ఇంకా ఎక్కువ. అయిపోయిన పెళ్లిని తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఆ ఇంట పుట్టే బిడ్డకు పరీక్ష తప్పనిసరి చేయాలి.

జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఈ మలేరియా ప్రాంతంలో ప్రత్యేకంగా చూడాల్సినది. ఇది ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది. కలరా ఉండలు వేసి దాచిన పాత బట్టలు తొడిగినా ఇలాంటి పసిబిడ్డకు రక్తకణాలు చిట్లి కామెర్లు ముదరవచ్చు. ముందే తెలిస్తే, పెద్దయ్యాక మలేరియాకు ప్రైమాక్విన్ ఇచ్చేటప్పుడు డాక్టరు జాగ్రత్త పడతారు.

కార్పొరేట్ ఆసుపత్రులు యాభైకి పైగా లోపాలకు ఒకే ప్యాకేజీ అమ్ముతున్నాయి. ప్రభుత్వం అక్కడి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. కేరళ కొద్దిపాటి లోపాలతోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలుపెట్టింది. మనకు ముందు కావాల్సినవి పైన చెప్పిన థైరాయిడ్, అడ్రినల్, జీ6పీడీ పరీక్షలు మూడూ. రక్తపు కాగితంపై తల్లి పేరుతో పాటు అత్తవారి ఊరు, అక్కడి ఆశా కార్యకర్త ఫోన్ నంబరు రాయాలి. ఫలితం రెండు చోట్లకూ వెళ్లాలి. తేడా ఉన్నప్పుడు ఫోన్ చేసేవారు తెలుగులో మాట్లాడాలి, జబ్బని ఇంకా తేలలేదు, మరోసారి చూడాలి అని ముందే చెప్పాలి. లేకపోతే ఇల్లంతా టెన్షన్, ఆ భయంతోనే కొందరు మళ్లీ రారు. జబ్బు తేలిన బిడ్డకు పార్వతీపురంలో రాసిన చీటీ మీద రాయగడలోనూ మాత్రలు ఇవ్వాలి. ఇందుకు రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది.