"ఈడనే" అంటే యాడ?

నైట్ డ్యూటీ దిగి, స్నానం చేసి, కళ్లు మండుతుంటే మండనీ అని చీర కట్టుకుని సీమంతానికి పోయాను. పోకపోతే అదొక పంచాయితీ. భోజనాల దగ్గర ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటున్నానో లేదో, మా పెద్దమ్మ పక్కనున్న కొత్త చుట్టానికి నన్ను పరిచయం చేసింది. "మా చెల్లెలి కూతురు. పోలీసే గానీ బయటి పనేం ల్యా. ఫోన్ల కాడ కూర్చుంటాది."

ఆవిడ ఎంతో ఆప్యాయంగా, "మేలే కదమ్మా, నీడ పట్టున పని. కాల్ సెంటరా?" అంది.

అంతటితో ఆగి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. పెద్దమ్మ ఆగదు కదా. "ఏం మేలు! మనకు కావాల్సినప్పుడు మాత్రం ఎత్తదు" అంది. బంతిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఓళిగ మాత్రం గొంతు దిగలేదు.

ఆ మాటకు రెండేళ్ల చరిత్ర ఉంది. దానికి వస్తాను. ముందు ఈ నీడ పట్టున కూర్చునే సుఖం ఏంటో కాస్త చెప్పుకోనివ్వండి, ఇంటికొచ్చి రెండు గంటలైనా నిద్ర పట్టలేదు.

ఆపదలో మీరు 100 కొట్టినా, 112 కొట్టినా ముందు రాష్ట్రానికంతా ఉన్న కేంద్రంలో ఎత్తుతారు. వాళ్లు రాసుకున్నది ఈవెంట్‌గా మా కర్నూలు స్క్రీన్ మీదికి వస్తుంది. నేను మీకు మళ్లీ ఫోన్ చేసి, చోటు ఖాయం చేసుకుని, వైర్‌లెస్ సెట్‌లో దగ్గరున్న బండిని పిలుస్తాను. బైకుల మీద తిరిగే బ్లూ కోల్ట్స్ వాళ్లో, గస్తీ తిరిగే రక్షక్ బండో. వాళ్లు పోయేదాకా ఒక చెవి మీకు, ఒక చెవి సెట్‌కు. ఈలోపు ఇంకో ఈవెంట్. వినడానికి ఇంతే. ఇంతలో నాకు పడే మొదటి అక్షింతలు ఏంటో తెలుసా? "ఇప్పుడే కదా ఆ మేడంకు చెప్పినా, మళ్లా నువ్వు అడుగుతావేంది? మీలో మీకు మాటల్లేవా?" ఉన్నాయి నాయనా. ఆ మేడంకు నువ్వు చెప్పింది "గుడి కాడ" అని. కర్నూల్లో గుడి కాడ!

మా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఎక్కడున్నారు? ఏమైందో, ఎవరు కొట్టారో తర్వాత. ముందు ఎక్కడ. ఎందుకంటే ఫోన్ ఎప్పుడు కట్ అవుతుందో తెలీదు. చార్జింగ్ అయిపోవచ్చు, ఎవడో లాక్కోవచ్చు. వీధి పేరు ఒక్కటి చేతిలో పడితే మిగతాది మా బండి చూసుకుంటుంది. మనవాళ్లు ఏం చెప్తారు? కొట్టినవాడి పేరు, వాడి తాత ఎగ్గొట్టిన అప్పు, పొలం గట్టు తగాదా, పోయిన పంచాయతీ ఎన్నికల్లో ఎవరు ఎవరికి వేశారో, అన్నీ చెప్తారు. "అన్నా, యాడున్నావు?" అంటే, "ఈడనే."

ఈడనే. ఈ మాటకు ఒక పిన్‌కోడ్ ఇచ్చేస్తే పీడా పోతుంది.

కొంచెం గట్టిగా అడిగితే వెంటనే, "పోలీసులంటారు, నేనేడున్నానో మీకు తెల్దా? ఫోన్‌లో కనపడదా?" అని ఎదురు ప్రశ్న. సినిమాలు చూసి చూసి మెదడు అట్ల తయారైంది. మ్యాపు మీద ఎర్ర చుక్క టకటకా కొట్టుకోవాలి, హీరో జీపులోకి దూకాలి. మాకూ మ్యాపు వస్తుంది తల్లీ. నీ ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేసి ఉంటే దాంట్లో వచ్చేది టవర్ చుట్టూ ఒక సున్నా. పాతబస్తీలో అయితే ఆ సున్నా నిండా మేడ మీద మేడ, సందులో సందు. పల్లె అయితే నాలుగు కంది చేలు, ఒక వంక. ఆ సున్నాలో నువ్వెక్కడో నువ్వు చెప్పాలి.

గుర్తులు చెప్పేవాళ్లు ఇంకో రకం. "పాత టాకీసు ఎదురుగా." ఆ టాకీసు కూలగొట్టి ఫంక్షన్ హాల్ కట్టి ఏళ్లయింది, బ్లూ కోల్ట్స్‌లో ఉన్న కుర్రాడు ఆ టాకీసు మొహమే చూడలేదు. "ఆంజనేయస్వామి గుడి పక్క సందు." స్వామి లేని సందు చెప్పు, అది సులువు. ఒకాయన ఉన్నాడు, పెద్దమనిషి, గొంతులో మర్యాద ఉంది. ఏం చెప్పాడనుకున్నారు? "వరదల్లో మునిగిన వీధేనమ్మా." సార్, 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసొచ్చి ఊరికి ఊరే మునిగింది. గాంధీ జయంతి సెలవు రోజు మేడల మీదికెక్కి కూర్చున్నవాళ్లం మేమూ. మా ఇంట్లో బియ్యం డ్రమ్ము తేలుకుంటూ హాల్లోంచి వంటింట్లోకి పోయింది, మా నాన్న దాని వెనక టార్చ్ పట్టుకుని. మునగని వీధి ఏదో చెప్పండి సార్, మిగతావన్నీ వెతికిస్తా. ఇది మనసులో అనుకున్నది. బయటికి మాత్రం, "దగ్గరలో ఏదైనా షాపు బోర్డు కనిపిస్తుందా సార్?" అన్నాను. జీతం ఇచ్చేది అందుకే కదా.

ఇంక ఎవరూ చేయని కాల్స్ ఉన్నాయి. నిజంగానే ఎవరూ చేయలేదు. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లకు ఆపద బటన్ ఉండాలని రూల్ పెట్టారు. కీప్యాడ్ ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే చాలు. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ ఆ ఫోను నడుము దగ్గర దోపుకుని మేకల్ని తోలుకుపోయే పెద్దాయనకు ఆ సంగతి ఎవరు చెప్పారు? రెండు నిమిషాలు మే మే అని మేకలే మాట్లాడతాయి. పెట్టేయలేం. మేకల వెనక ఎవరైనా ఏడుస్తున్నారేమోనని చెవి రిక్కించి వినాలి, తిరిగి ఫోన్ చేయాలి. ఆయన ఎత్తి, "ఎవరూ? ఏం కావల్ల?" అంటాడు. నాకేం వద్దు తాతా, నీ మేకలే పిలిచినాయి. చాలా స్మార్ట్ ఫోన్లలో పవర్ బటన్ గబగబా ఐదుసార్లు నొక్కితే ఇదే కథ, పసిపిల్లల చేతికి ఫోన్ ఇచ్చే తల్లులు కాస్త చూసుకోండి.

కరెంటు పోతే 1912. డబ్బులు ఓటీపీ మోసంలో పోతే 1930, అదీ పోయిన వెంటనే చేయాలి, మామయ్యను అడిగి, బ్యాంకు తెరిచాక, మంచిరోజు చూసుకుని కాదు. ఆ నంబర్లు ఉండగా ఈ కాల్స్ అన్నీ మాకే వస్తాయి. 108 మాత్రం అందరి నోట్లో నానింది, 2005లో మొదలైంది కదా, పల్లెల్లో ముసలమ్మలకు కూడా వచ్చు. 112 అంటే ఇప్పటికీ "అదేం నంబరు?" అంటారు.

బండి ఆలస్యం అయిందని తిట్టేవాళ్లను నేను తప్పు పట్టను. ఆపదలో ఉన్నవాడికి నిమిషం గంటలా ఉంటుంది. కానీ దసరా రాత్రి తిట్టేవాళ్లకు మాత్రం దండం పెడతా. ఆ రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని. స్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని కొండ కింద తలపడతాయి. ఏటా తలలు పగులుతాయి, ఏటా అది సంప్రదాయం. బలగం అంతా అక్కడ బందోబస్తుకు పోతే ఇక్కడ ఊళ్లో మిగిలిన నాలుగు బండ్లతో నేను చదరంగం ఆడాలి. అప్పుడు ఒకడు ఫోన్ చేసి, పక్కింటోళ్లు పాటలు గట్టిగా పెట్టారని, "పది నిమిషాలైంది, నిద్రపోతున్నారా?" అంటాడు. అవును సార్, పరుపు వేసుకుని పడుకున్నా.

ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికొచ్చాను. అసలు చెప్పాలనుకున్నది ఆ పిల్లాడి సంగతి.

పోయిన వానాకాలం. రాత్రి పదిన్నర దాటింది. నేను తిరిగి ఫోన్ చేస్తే ఎత్తింది పిల్లాడు, మూడో తరగతి అట. గొంతు బాగా చిన్నగా పెట్టి మాట్లాడుతున్నాడు. "నాయన అమ్మను కొడ్తాండాడు." యాడ నాన్నా? "మా ఇంట్లో." వెనక ఏదో స్టీలు సామాను పడిన చప్పుడు. వీధి పేరు తెలీదు, డోర్ నంబర్ అంటే ఏంటో తెలీదు. ఆ నెలలోనే ఆ ఇంట్లో అద్దెకు దిగారు. "బయటికి రాగలవా? వచ్చి ఏం కనిపిస్తుందో చెప్పు." వచ్చాడు. చీకటి. ఒక లైటు. లైటు కింద గోడ మీద ఏదో రాసుంది. "చదువు నాన్నా." వాడు చదివాడు. బళ్లో టీచర్‌కు అప్పజెప్పినట్టు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. "చ-కు ఔత్వం చౌ... క... చౌక... ధ-కు... ధర... ల..." నేను ఊపిరి బిగబట్టాను. "దు-కా-ణం. చౌక ధరల దుకాణం. నంబరు..." రేషన్ షాపు! నంబర్ కూడా చదివాడు, అంకెలు టకటకా వచ్చేశాయి. మాకు ఇంకేం కావాలి? ఆ నంబర్ షాపు ఏ వీధిలో ఉందో స్టేషన్‌లో అడిగి పట్టుకున్నాం. బండి పోయేదాకా వాణ్ని లైటు కిందే నిలబడమని, ఏం కూర తిన్నావు, మీ టీచర్ కొడుతుందా అని అడుగుతూనే ఉన్నా. "పోలీసోళ్లు వచ్చినారు" అని వాడే చెప్పాడు. ఫోన్ పెట్టేశాడు. అంతే. ఆ తర్వాత ఏమైందో మాకు తెలీదు. మా పనిలో కథ సగంలోనే ఆగిపోతుంది, మిగతా సగం స్టేషన్ వాళ్లది.

మూడో తరగతి వాడు చెప్పగలిగాడు. ఎంకామ్ చదివిన మా బావ చెప్పలేకపోయాడు. అదీ అసలు మంట.

మా పెద్దమ్మ అల్లుడు. రెండేళ్ల కింద బైపాస్ మీద బండి జారి పడ్డాడు. కాలు విరిగింది. పాపం, నిజంగా నొప్పే, నేను కాదనడం లేదు. స్పృహలోనే ఉన్నాడు, చేతిలో ఫోన్ ఉంది. ఏం చేశాడు? నా సొంత నంబర్‌కు ఫోన్ చేశాడు. ఒకసారి కాదు. పదకొండుసార్లు. ఇప్పటికీ ఆ స్క్రీన్‌షాట్ దాచుకున్నా, 9:42 నుంచి 9:58 దాకా. డ్యూటీలో నా ఫోన్ బ్యాగులో, సైలెంట్‌లో ఉంటుంది. చెవులకు హెడ్‌సెట్ ఉంటుంది. ఆ పదహారు నిమిషాలూ నేను కుర్చీలోంచి లేవలేదు. బైపాస్ మీద పడిన మనిషి కోసం బండి పంపడానికే నన్ను అక్కడ కూర్చోబెట్టారు, ఆ మనిషి నా బ్యాగుకు ఫోన్ చేస్తున్నాడు! ఆ పదకొండులో ఒక్కటి, ఒకే ఒక్కటి 112కి కొట్టి ఉంటే ఆ ఈవెంట్ నా స్క్రీన్ మీదే పడేదేమో. చివరికి దారిన పోయే లారీ డ్రైవర్ ఆగి 108కి చేశాడు. ఆ డ్రైవర్ అన్న ఎవరో గానీ, రోడ్డు పేరు, కిలోమీటరు రాయి అంకెతో సహా చెప్పాడట. ఇంట్లో ఆయన మాట ఎవరైనా ఎత్తుతారా? ఎత్తరు. "ఇంటి మనిషి పోలీసులో ఉండీ ఏం లాభం" అన్నది మాత్రం అన్ని ఫంక్షన్లలో ఓళిగలతో పాటు వడ్డిస్తారు.

ఎందుకు చేయలేదు బావా 112కి అని ఆసుపత్రిలోనే అడిగాను. "తెలియనోళ్లకు చేస్తే ఎవరు పట్టించుకుంటారులే, నువ్వయితే మన మనిషివి" అన్నాడు. అంటే ఆ తెలియనోళ్లు ఎవరు బావా? నేనే కదా? నేను రాత్రంతా ఎవరివో తెలియని గొంతులకు బండ్లు పంపిస్తుంటే, నా ఇంట్లోవాళ్లకే ఆ పని మీద నమ్మకం లేదు. సిఫారసు మీద నమ్మకం ఉంది. చలానా తీసేయించమని ఫోన్ చేసినప్పుడు కూడా ఇదే నమ్మకం. కాలు బాగైన మూడో నెలలోనే చేశాడు, హెల్మెట్ లేని చలానాకు. అది మాత్రం డ్యూటీ లేనప్పుడు చూసి చేశాడు, నేను ఎత్తేశాను, నా ఖర్మ.

ఈరోజు భోజనాలయ్యాక ఊరికే ఉండలేకపోయాను. వక్కాకు వేసుకుంటున్న పెద్దమ్మ పక్కన చేరి, "పెద్దమ్మా, మీ ఇంటి డోర్ నంబర్ ఎంత?" అని అడిగాను. ముప్పై ఏళ్లుగా అదే ఇంట్లో ఉంది. పెద్దమ్మ కూతురి వైపు చూసింది, కూతురు బావ వైపు చూసింది, బావ ఫోన్ వైపు చూసుకున్నాడు. గుమ్మం పక్కన రేకు మీద రాసుందే, అది కూడా ఎవరికీ గుర్తు రాలేదు. "పోనీ వీధి పేరు?" అన్నాను.

పెద్దమ్మకు విసుగొచ్చింది. ఆకు చివర తుంచి పడేస్తూ, "మాకెందుకమ్మా అవన్నీ? నీ నంబర్ ఉంది కదా" అంది.