మా ఇంటి టికెట్ల కిటికీకి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ టికెట్ల కిటికీ గారి సముఖానికి,

మీకు ఆరడుగుల దూరంలో వంట చేసుకుంటున్న ఈ ఇంటి యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయం అన్నాను కానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే. నాకు జలుబు.

కారణం మీరే. ఇంగ్లండులోని ఈ ఇల్లు రైల్వే స్టేషనుగా ఉన్న రోజుల్లో మీ చెక్క తలుపు బండి రావడానికి కాసేపు ముందు మాత్రమే లేచేదట. అవతల జనం ఎంత గోల పెట్టినా మీరు చలించేవారు కారట. ఇప్పుడేమో అదే తలుపు సగంలో బిగుసుకుపోయి రాత్రింబగళ్లు తెరిచే ఉంటోంది. వెయిటింగ్ రూములో బయలుదేరిన చలిగాలి టికెట్టు లేకుండానే మీలోంచి దూరి, పొయ్యి మీది మంటను పలకరించి, సరిగ్గా నా మెడ దగ్గర దిగుతుంది. ఈ మార్గంలో వేళకు నడుస్తున్నది ఇదొక్కటే.

పోనీ మీకు అడ్డంగా గోడ కట్టిద్దామా అంటే, చట్టం మీకు గొడుగు పట్టింది. ఇంగ్లండులో ఇలా ప్రభుత్వ రక్షిత జాబితాకెక్కిన చారిత్రక భవనాన్ని అనుమతి లేకుండా మార్చడం క్రిమినల్ నేరం. నేను మీకు నాలుగు ఇటుకలు అడ్డం పెడితే కోర్టుకెక్కాలి. మీ వల్ల నాకు న్యుమోనియా వస్తే మాత్రం మీ మీద ఏ కేసూ ఉండదు.

సెలవు రోజుల్లో మెడలో కెమెరాలతో పెద్దమనుషులు దిగుతారు. ప్లాట్‌ఫారమే నా వరండా కాబట్టి తలుపు తట్టాలని వాళ్లకు తోచదు. ‘ఎంత అదృష్టవంతులండీ’ అంటారు. కంబళి కప్పుకుని నవ్వుతాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. మొన్న ఒకాయన మీ ముందు నిలబడి, 1830ల దాకా గుమస్తాలు టికెట్లు చేత్తో రాసేవారనీ, థామస్ ఎడ్మండ్‌సన్ వచ్చి అచ్చు వేసిన అట్ట టికెట్లు తెచ్చాడనీ విడమరిచి చెప్పేలోగా కూర మాడింది.

అసలు తగువు మీతో కాదేమో, అప్పటి బ్రిటిష్ రైల్వే బోర్డు అధ్యక్షుడు రిచర్డ్ బీచింగ్ గారితో. 1963లో ఆయన నివేదిక 2,363 స్టేషన్లు మూసేయమంది. వాటిలో మీదీ ఒకటి. ఈ భవనాలకు పెట్టే ఖర్చు తిరిగి రాదని అంకెలు వేసి మరీ చూపించాడు. రైల్వే వాళ్లే భరించలేక వదిలించుకున్నదాన్ని అప్పు చేసి కొన్నవాడిని నేను. ఆ నివేదిక కొనకముందే చదివి ఉండాల్సింది.

ఒకటి ఒప్పుకోవాలి. మీ కింది చెక్క బల్ల మీద చిల్లర జరిపి జరిపి పడిన గుంట ఉంది, బొటనవేలు ఇమిడేంత. మీలోంచి కాఫీ అందించినప్పుడల్లా నా వేలు దానంతటదే అక్కడికి వెళ్తుంది. అందుకే గొడ్డలి తీసుకురాకుండా లేఖ రాస్తున్నాను.

నా మనవి చిన్నది. మీ పాత నియమమే మళ్లీ పాటించండి. బండి రావడానికి కాసేపు ముందు మాత్రమే తెరుచుకోండి. నాకు తొందరేమీ లేదు.

ఇట్లు,
కంబళిలోంచి,
మీ చివరి ప్రయాణికుడు