ఆ పసిపాప బతికి ఉంటే పోలండ్, లిథువేనియా కలిసి ఉండేవా?

1399 జూన్ 22న క్రాకోవ్‌లోని వావెల్ కోటలో ఒక ఆడపిల్ల పుట్టింది. పెళ్లయిన పదమూడేళ్లకు పోలండ్ రాణి యాద్విగాకు వచ్చిన కాన్పు అది. పాపకు ఎలిజబెత్ బొనిఫేషియా అని పేరు పెట్టారు. ఆ రెండో పేరు అప్పటి పోప్ తొమ్మిదో బోనిఫేస్‌ది. మూడు వారాలు తిరిగేసరికి, జూలై 13న, పాప కన్నుమూసింది. నాలుగు రోజులకు తల్లీ పోయింది. అప్పటికి యాద్విగా వయసు పాతికేళ్లు. తల్లీబిడ్డలను వావెల్ కేథడ్రల్‌లో కలిపే సమాధి చేశారు. రాణి పక్కన పెట్టిన రాజదండం, రాజగోళం చెక్కతో చేసి బంగారు పూత పూసినవి. అసలు నగలను ఆమె క్రాకోవ్ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టడానికి ఇచ్చేసింది. ఆ విశ్వవిద్యాలయం మరుసటి ఏడాది, 1400లో, మళ్లీ ప్రాణం పోసుకుంది.

'ఇలా జరిగి ఉంటే' అంటూ పోలండ్ చరిత్రను ఊహించేవాళ్లు ఈ పాప దగ్గర తప్పకుండా ఆగుతారు. బిడ్డ బతికి ఉంటే పుట్టుకతోనే హక్కున్న వారసురాలు దొరికేది, సింహాసనం కోసం ప్రభువర్గంతో బేరాలు తప్పేవి, రాజ్యాధికారం బలంగా ఉండేది అన్నది వాళ్ల వాదన. నేను దీంతో ఏకీభవించను. బేరాలు ఆగేవి కావు. పైగా, పోలండ్-లిథువేనియా బంధమే తెగిపోయేదని నా నమ్మకం.

ముందు బేరాల సంగతి. అవి వారసురాలు లేకపోవడం వల్ల మొదలైనవి కావు. ఆడపిల్లను వారసురాలిగా ఒప్పించాల్సి రావడం వల్లే మొదలయ్యాయి. 1370లో కజిమీర్ మహారాజు సింహాసనానికి కొడుకు లేకుండా చనిపోతే, రాజ్యం ఆయన మేనల్లుడు, హంగరీ రాజు లూయీకి దక్కింది. లూయీకీ కొడుకుల్లేరు, ఉన్నది కూతుళ్లే. వాళ్లలో ఒకరిని పోలండ్ ఒప్పుకోవాలంటే ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. అందుకే 1374లో కోషిత్సె పట్టణంలో ప్రభువర్గం పన్నును లాన్ (అప్పటి భూమి కొలత) ఒక్కింటికి 2 గ్రోష్‌ నాణేలకు తగ్గిస్తూ హామీ రాసిచ్చాడు. అలా కొన్న హక్కుతోనే 1384 అక్టోబర్ 16న యాద్విగా కిరీటం పెట్టుకుంది. అప్పటికి ఆమెకు పదో పదకొండో ఏళ్లు. బిరుదు మాత్రం 'రాజు'. రాజు భార్యగా కాదు, సొంత హక్కుతో ఏలుతోందని చెప్పడానికి అలా పెట్టారు.

కిరీటం దక్కింది కానీ పెళ్లి ఆమె చేతుల్లో లేదు. పసితనంలోనే ఆస్ట్రియా రాకుమారుడు విల్హెల్మ్‌తో సంబంధం ఖాయమైంది. 1385లో అతను క్రాకోవ్ దాకా వచ్చాడు. కోట ద్వారం మూసేస్తే ఆ పిల్ల గొడ్డలి అడిగి తీసుకుని తలుపు పగలగొట్టబోయిందని, వృద్ధుడైన ప్రభువు ఒకరు బతిమాలి ఆపారని చరిత్రకారుడు ద్లుగోష్ రాశాడు. ఆయన ఈ సంఘటనకు చాలా ఏళ్ల తర్వాతివాడు కాబట్టి ప్రతి వివరాన్నీ నమ్మలేం. విల్హెల్మ్‌ను పక్కనపెట్టి వరుణ్ణి ప్రభువులే ఎంచుకున్నారన్నది మాత్రం నిజం. బొనిఫేషియా బతికి ఉంటే ఆమె పెళ్లి కూడా ఇలాగే జరిగేది. వరుడు ఎవరైనా, వచ్చేముందు కొత్త హామీల పత్రం మీద సంతకం పెట్టాల్సిందే.

ఇక లిథువేనియా. ప్రభువులు యాద్విగాకు ఎంచిన వరుడు లిథువేనియా మహా ప్రభువు యొగైలా. ఈ పెళ్లి కోసం 1385 ఆగస్టు 14న క్రేవోలో అతను ఒప్పుకున్న షరతులు చిన్నవి కావు. క్రైస్తవం తీసుకోవాలి, విల్హెల్మ్‌కు సంబంధం తప్పినందుకు 200,000 ఫ్లోరిన్లు కట్టాలి, తన భూములను పోలండ్ కిరీటానికి జతచేయాలి. 'జతచేయడం' అని ఆ పత్రంలో వాడిన లాటిన్ మాటకు అర్థమేమిటన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా దృష్టిలో ముఖ్యమైనది వేరే ఉంది. ఆ రెండు దేశాలనూ కలిపిన ముడి యొగైలా అనే ఒక్క మనిషి. పోలండ్‌లో అతను యాద్విగా భర్త. లిథువేనియా రాజధాని విల్నియస్‌లో సొంత వంశపు పెద్ద. ఈ రెండో హక్కు యాద్విగా కూతురి భర్తకు ఎక్కడి నుంచి వస్తుంది? హాబ్స్‌బర్గ్ రాకుమారుడో, బ్రాండెన్‌బర్గ్ యువకుడో వచ్చి 'నేను మీ రాజకుమారి మొగుణ్ణి' అంటే లిథువేనియా ప్రభువులు తల వంచేవాళ్లు కాదు. వాళ్లకు తమను ఏలే గెదిమినాస్ వంశపు (యొగైలా వంశమే) మగవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. అందరికంటే ముందు, యొగైలా పినతండ్రి కొడుకు వితౌతాస్ ఉన్నాడు.

ఇది ఉత్త ఊహ కాదు. బొనిఫేషియాకు రాని అవకాశం ఇంకో అమ్మాయికి వచ్చింది. యాద్విగా పోయాక యొగైలా 1402లో కజిమీర్ మహారాజు మనవరాలు, అన్నా అనే ఆమెను పెళ్లాడాడు. రాణి పోయాక తన హక్కు బలహీనపడిందన్న టెన్షన్ అతనికి లేకపోతే ఆ రక్తసంబంధాన్నే వెతికి చేసుకునేవాడా? 1408లో వాళ్లకు కూతురు పుట్టింది. ఆమె పేరూ యాద్విగాయే. ఆ పిల్లనే వారసురాలిగా ఒప్పుకున్నారు. 1421లో బ్రాండెన్‌బర్గ్ పాలకుడి కొడుకు ఫ్రెడరిక్‌తో నిశ్చితార్థం అయింది. ఆ కుర్రాణ్ణి పోలండ్‌లో పెంచడానికి తీసుకొచ్చారు కూడా. కాబోయే రాజుగా బ్రాండెన్‌బర్గ్‌ను ఏలే హోహెన్‌జొలర్న్ వంశపు బాలుడు ఒకడు క్రాకోవ్ ఆస్థానంలో తిరిగిన రోజులవి. బొనిఫేషియా కథ ఎటు వెళ్లేదో చూపించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

1424లో యొగైలా నాలుగో భార్య సోఫియాకు కొడుకు వ్వాదిస్వాఫ్ పుట్టాడు. దాంతో కూతురు యాద్విగా పక్కకు జరిగింది. 1431లో పెళ్లి కాకుండానే చనిపోయింది. సవతి తల్లి విషం పెట్టించిందని పుకారు పుట్టింది. దానికి రుజువు లేదు. అయితే సోఫియా కొడుకుల్లో యాద్విగా రాణి రక్తం గానీ కజిమీర్ రక్తం గానీ చుక్క కూడా లేదు. అందుకే ప్రభువులు ధర పెంచారు. మీ అబ్బాయిని ఒప్పుకుంటాం, మా హక్కులు రాసివ్వండి అన్నారు. ముసలి రాజు బిగుసుకునేసరికి 1426లో వెంచిత్సా సభలో, ఆయన కళ్లముందే, ఆ పిల్లవాడి వారసత్వానికి తాము తోలు మీద రాసిచ్చిన హామీ పత్రాన్ని కత్తులు దూసి ముక్కలు ముక్కలుగా నరికారు. ఆ దృశ్యం తలచుకున్నప్పుడల్లా నాకు ఆ ముసలాయనే కళ్లముందు మెదులుతాడు. పదహారేళ్ల ముందు గ్రున్‌వాల్డ్ యుద్ధంలో ట్యుటోనిక్ యోధులను (జర్మన్ క్రైస్తవ సైనిక సంఘాన్ని) మట్టికరిపించిన రాజు, కన్నకొడుకు భవిష్యత్తు తోలు ముక్కలుగా రాలుతుంటే చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. 1430లో యెద్ల్న్యాలో ఆయన దిగొచ్చాడు. కోర్టు తీర్పు లేకుండా ఏ ప్రభువునూ బంధించబోమని మాట ఇచ్చాడు. కొడుకుల్లో ఎవరు రాజన్నది కూడా ప్రభువులే తేల్చుకునేలా ఒప్పుకున్నాడు.

బొనిఫేషియా ఉంటే ఈ ధర కొంత తగ్గి ఉండేదేమో, అంతవరకు ఒప్పుకుంటాను. గ్రున్‌వాల్డ్ యుద్ధం ఎలాగూ జరిగేది. అప్పటికి ఆమెకు పదకొండేళ్లే, తండ్రి బతికే ఉన్నాడు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలయ్యేది. ఆమెకు పెళ్లయ్యాక, తల్లి సింహాసనం కూతురిదే కదా, మామగారు ఇంకా ఎందుకు కూర్చున్నారని అల్లుడి మనుషులు అడగకుండా ఉండేవాళ్లా? 1434లో యొగైలా చనిపోయేదాకా ఆ గొడవ రాజుకుంటూనే ఉండేది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకుని కొడుకులను కన్నా, వాళ్లు విల్నియస్‌కే పనికొచ్చేవాళ్లు, క్రాకోవ్‌కు కాదు.

విల్నియస్ తన దారి తాను చూసుకోగలదని నిజ చరిత్రే చూపించింది. 1429లో లూత్స్క్‌లో వితౌతాస్‌కు వేరే కిరీటం పెట్టాలన్న మాట గట్టిగానే వచ్చింది. మరుసటి ఏడాది అతను చనిపోగానే పోలండ్‌ను అడగకుండా యొగైలా తమ్ముడు ష్విత్రిగైలా గద్దెనెక్కాడు. 1440లో సోఫియా చిన్న కొడుకు కజిమీర్‌ను అన్న ప్రతినిధిగా అక్కడికి పంపిస్తే, ప్రభువులు ఆ పన్నెండేళ్ల పిల్లవాణ్ణి తమ మహా ప్రభువుగా ప్రకటించేశారు. మళ్లీ క్రాకోవ్‌ను ఎవరూ అడగలేదు.

1444లో వర్నా యుద్ధంలో వ్వాదిస్వాఫ్ కూలిపోయాక, పోలండ్ ప్రభువులు కజిమీర్ వైపే చూడాల్సి వచ్చింది. రావయ్యా అని దూతలను పంపితే అతను వెంటనే ఒప్పుకోలేదు. మూడేళ్లు నానబెట్టి 1447 జూన్ 25న క్రాకోవ్‌లో కిరీటం పెట్టుకున్నాడు. తెగిపోయిన ముడి అలా మళ్లీ పడింది. బొనిఫేషియా బతికి పిల్లలను కని ఉంటే 1444 నాటికి వావెల్ కోటలో రాజుగా ఆమె కొడుకో మనవడో ఉండేవాడు. ఆ దూతలు లిథువేనియాకు గుర్రాలు కట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు.