షట్టర్ దించింది కంపెనీ, అప్పు కట్టేది డీలరు

పొద్దున్నే కారు సర్వీసుకి తీసుకెళ్దామని తాళాలు చేతిలో పట్టుకున్నాను, ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మీకు మరింత మెరుగైన సేవలు అందించేందుకు మా డీలర్ నెట్‌వర్క్‌ను పునర్వ్యవస్థీకరిస్తున్నాం. మీకు సమీపంలోని అధీకృత సర్వీస్ సెంటర్ 94 కిలోమీటర్ల దూరంలో ఉంది." అంతే. నిన్నటిదాకా ఇంటి నుంచి పది నిమిషాల్లో ఉన్న షోరూమ్ ఏమైందో ఒక్క ముక్క లేదు. నమ్మబుద్ధి కాక వెళ్లి చూశాను. బోర్డు పీకేశారు. గోడ మీద అక్షరాల మచ్చలు మాత్రం మిగిలాయి. షట్టరు ముందు కుర్చీ వేసుకుని సెక్యూరిటీ ఆయన ఒక్కడే ఉన్నాడు. జీతం ఎవరిస్తున్నారని అడిగితే, "తెలీదు సార్, లోపల సామాను పోకుండా చూసుకోమన్నారు" అన్నాడు.

ఇంటికొచ్చి అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఈ సంగతి పెడితే ఒకాయన రెండు నిమిషాల్లో జవాబు రాశాడు. "పోతే పోయింది లెండి, డీలర్లంతా దొంగలే. ఇకనుంచి కంపెనీయే ఆన్‌లైన్‌లో అమ్ముకుంటుంది, మనకే లాభం." దానికి నలుగురు లైకులు కొట్టారు. అప్పటినుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. అక్కడ రాస్తే మెట్ల మీద ఎదురుపడినప్పుడు మొహాలు చూసుకోలేం, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఆ షోరూమ్ ఎవరిదనుకుంటున్నారు? కంపెనీ బోర్డు ఉంది కాబట్టి కంపెనీదనుకుంటాం. అందులో కంపెనీ సొమ్ము ఎంతని ఒక్కరైనా అడిగారా? స్థలం లీజు డీలరుది. ఏ టైల్ వేయాలో, గాజు ఎంత ఎత్తుండాలో, సోఫా ఏ రంగులో ఉండాలో చెప్పేది కంపెనీ, కొనేది డీలరు. లిఫ్టులు, స్కానర్లు, ఆ కంపెనీ బళ్లకి తప్ప దేనికీ పనికిరాని స్పెషల్ టూల్స్, అన్నీ డీలరు డబ్బే. షోరూమ్‌లో మెరిసే కార్లు కూడా ఆయన బ్యాంకులో అప్పు తెచ్చి ముందే డబ్బు కట్టి తెప్పించుకున్నవి. మన దేశంలో కంపెనీలు నెలనెలా గొప్పగా ప్రకటించే అమ్మకాలు చాలామటుకు డీలర్లకి పంపిన బళ్ల లెక్కే. మీరూ నేనూ కొన్నామా లేదా అన్నది తర్వాత సంగతి. లారీ దిగిందంటే కంపెనీకి అమ్ముడైపోయినట్టే, డీలరుకి వడ్డీ మొదలైనట్టే.

మా బావమరిది ఇలాంటి ఒక డీలర్ దగ్గర ఎనిమిదేళ్లు అకౌంట్స్ చూశాడు. నెలాఖరు వచ్చిందంటే వాడికి నిద్రుండేది కాదు. అడగని రంగులో, అడగని మోడల్‌లో బళ్లు దిగేవి. తీసుకోకపోతే టార్గెట్ పోయింది, ఇన్సెంటివ్ పోయింది, వచ్చే నెల అమ్ముడుపోయే మోడల్ కూడా రాదు. తీసుకుంటే యార్డులో ఎండకి ఎండుతూ వడ్డీ పెరుగుతుంది. చివరికి ఆ భారం మన మీదే పడేది. అవసరం లేని యాక్సెసరీలు, బలవంతపు ఇన్సూరెన్స్, హ్యాండ్లింగ్ ఛార్జీలు. నేనూ ఒకసారి ఆ హ్యాండ్లింగ్ ఛార్జీల మీద సేల్స్ మేనేజర్‌తో గొంతు చించుకుని పోట్లాడాను. డీలర్లని వెనకేసుకురావడం నా పని కాదు. కానీ ఆ పిండుడు ఎక్కడ మొదలవుతుందో చూడకుండా, కౌంటర్లో కూర్చున్నవాణ్ని దొంగ అనేసి చేతులు దులుపుకుంటే ఎలా?

2021 సెప్టెంబర్ 9 గుర్తుందా? ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నానని ప్రకటించింది. మర్నాడు పేపర్లన్నీ గుజరాత్‌లోని సనంద్, చెన్నై ప్లాంట్ల గురించే రాశాయి. దాదాపు 4,000 మంది ఉద్యోగుల మీద ప్రభావం అన్నారు. వాళ్ల బాధ చిన్నదని నేను అనను. కానీ అదే వారం డీలర్ల సమాఖ్య ఫాడా ఇంకో లెక్క చెప్పింది. 170 మంది డీలర్లు, 391 అవుట్‌లెట్లు, సుమారు 2,000 కోట్ల రూపాయల పెట్టుబడి, వాటిలో పనిచేసే 40,000 మంది. నాలుగు వేలు ఎక్కడ, నలభై వేలు ఎక్కడ? ఫ్యాక్టరీ గేటు ముందు కెమెరాలు నిలబడ్డాయి, యూనియన్ ఉంది, మాట్లాడేందుకు ప్రభుత్వం ఉంది. ఊరూరా ఇరవై మంది, ముప్పై మంది చొప్పున రోడ్డున పడ్డ సర్వీస్ అడ్వైజర్లు, టెక్నీషియన్లు, వాషింగ్ కుర్రాళ్ల కోసం ఎవరు నిలబడ్డారు?

అందులో నన్ను ఇప్పటికీ పొడిచే మాట ఒకటుంది. ఐదు నెలల ముందువరకూ ఆ కంపెనీ కొత్త డీలర్లని తీసుకుంటూనే ఉందని ఫాడా అధ్యక్షుడు అప్పట్లో చెప్పారు. ఐదు నెలలు! ఆ చివర్లో చేరిన డీలరు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టే ఉంటాడు. రిబ్బన్ కటింగ్‌కి చుట్టాలందర్నీ పిలిచే ఉంటాడు. వెళ్లిపోవాలన్న ఆలోచన అంత పెద్ద కంపెనీలో ఒక్క రాత్రిలో పుట్టదు కదా. అక్కడ గదుల్లో లెక్కలు వేస్తున్నన్నాళ్లూ ఇక్కడ ఇతను టైల్స్ వేయిస్తున్నాడు.

అదే మొదటిసారా అంటే అదీ కాదు. 2017లో జనరల్ మోటార్స్ షెవర్లే అమ్మకాలు ఇక్కడ ఆపేసింది. 2020లో హార్లే డేవిడ్సన్ దుకాణం సర్దింది. కంపెనీ ఫ్యాక్టరీకైతే కొనేవాళ్లు దొరుకుతారు, ఫోర్డ్ సనంద్ ప్లాంట్‌ని టాటాలు తీసుకున్నారు కూడా. ఆ కంపెనీ నమూనాలో కట్టిన షోరూమ్‌ని ఎవరు కొంటారు? ర్యాకుల నిండా మిగిలిన బంపర్లు, క్లచ్ ప్లేట్లు ఎవరు కొంటారు?

మనకే ఇలా జరుగుతోందనుకోకండి. అమెరికాలో 2009 మే నెలలో దివాలాలో ఉన్న క్రైస్లర్ ఒక్క దెబ్బకి 789 మంది డీలర్లని తీసేసింది. ఇచ్చిన గడువు నెల రోజులు కూడా లేదు. తాతల కాలం నుంచి అదే బోర్డు కింద బతికినవాళ్లు ఉన్నారు అందులో. మర్నాడే జనరల్ మోటార్స్ వెయ్యికి పైగా డీలర్లకి నోటీసులు పంపింది. ఇదంతా ప్రజల పన్నుల సొమ్ముతో కంపెనీలని బతికిస్తున్న సమయంలో! తర్వాత 2010 జూలైలో ఆ ప్రభుత్వ సహాయ నిధిపై నిఘాకి వేసిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక ఇచ్చారు. డీలర్షిప్పుల మూతని అంత హడావుడిగా చేయించడానికి తగిన ఆధారమే లేదన్నారు. వేలల్లో, పదివేలల్లో ఉద్యోగాలు పోతాయన్న లెక్క ఎవరూ సరిగా చూడలేదన్నారు. డీలరు ఖర్చు డీలరే పెట్టుకుంటున్నప్పుడు, అతన్ని తీసేస్తే కంపెనీకి మిగిలేదేంటి చెప్పండి? ఈ చిన్న ప్రశ్న అడగడానికి వాళ్లకి ఏడాది పైన పట్టింది.

కాకపోతే అక్కడి డీలర్లకి పోట్లాడే దారి ఉంది. 1956 నుంచే డీలరు కోర్టుకెళ్లి కంపెనీని నిలదీసే చట్టం ఉంది. 2009 డిసెంబర్‌లో తీసేసిన డీలర్లకి ఆర్బిట్రేషన్ హక్కు, అంటే మధ్యవర్తి ముందు తేల్చుకునే హక్కు కూడా ఇచ్చారు. దాంతో జనరల్ మోటార్స్ దిగొచ్చి 661 మందికి మళ్లీ అవకాశం ఇస్తానంది. ఆస్ట్రేలియాలో 2020 ఫిబ్రవరిలో అదే కంపెనీ తన హోల్డెన్ కార్ల బ్రాండ్‌నే చంపేస్తే, డీలర్లకి ఇస్తానన్న పరిహారం చాలదని సెనేట్ విచారణే జరిగింది. ఒప్పందం పొడిగించకపోతే ఏడాది ముందే చెప్పాలన్న నియమం అదే ఏడాది వచ్చింది. మన దగ్గర? ఫ్రాంచైజీ రక్షణ చట్టం కావాలని ఫాడా ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. పార్లమెంటరీ కమిటీ కూడా తేవాలని సిఫార్సు చేసింది. చట్టం మాత్రం రాలేదు.

ఇంకో పాత మంట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఆపుకోలేను. షోరూమ్ పోతే పోయింది, బయట మెకానిక్ దగ్గర చేయించుకోవచ్చు కదా అంటున్నారు గ్రూప్‌లో. చేయించుకోనిస్తారా? మూడేళ్ల కిందట ఇదే బండికి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. నాకు తెలిసిన మెకానిక్ ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు, అరగంటలో లోపం పట్టాడు, పార్టు మార్చాడు. కానీ కొత్త పార్టుని బండి కంప్యూటర్ ఒప్పుకోవాలంటే కంపెనీ టూల్‌తోనే కోడింగ్ చేయాలట, ఆ టూల్ బయటివాళ్లకి ఇవ్వరట. ఆ మనిషి చేతులు తుడుచుకుంటూ "సారీ సార్" అన్నప్పుడు ఆయన మొహం నేను మర్చిపోలేదు. పని రాక కాదు, చేయనివ్వక. 2014 ఆగస్టులో మన దేశంలో వ్యాపార పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ సరిగ్గా ఈ విషయం మీదే 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకి అందనివ్వడం లేదని. పదేళ్లు దాటింది, నా బండి ఇంకా కంపెనీ టూల్‌నే అడుగుతోంది. అంటే బయటివాడు ముట్టుకోకూడదు, ముట్టుకోగల డీలరుని వాళ్లే తీసేస్తారు, నేను 94 కిలోమీటర్లు పోవాలి, మళ్లీ 94 రావాలి. ఆ బండి అమ్ముదామన్నా సర్వీస్ సెంటర్ లేని బండికి సెకండ్ హ్యాండ్‌లో ఎవడు రేటు ఇస్తాడు? ఈ నష్టం ఏ కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనపడదు.

గ్రూప్‌లో లైకు కొట్టిన నలుగురిలో ఇద్దరి కార్లు ఆ షోరూమ్‌లోనే సర్వీస్ అయ్యేవి. ఒకాయన కారు వానలో ఆగిపోతే రాత్రి పదింటికి వచ్చి లాక్కెళ్లింది ఆ షోరూమ్ కుర్రాళ్లే. మర్చిపోయాడు.

ఏ కంపెనీయో కామెంట్లలో అడగకండి, చెప్పను. ఆ షోరూమ్‌లో నా బండి చూసే టెక్నీషియన్‌కి మధ్యాహ్నం ఫోన్ చేశాను. పద్నాలుగేళ్ల అనుభవం. పక్కన కూర్చుని నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటితే చాలు, సస్పెన్షన్‌లో ఏ బుష్ అరిగిందో శబ్దాన్ని బట్టి చెప్పేస్తాడు. షోరూమ్ మూసేస్తున్నామని వారం కిందటే చెప్పారట, రెండు నెలల జీతం బాకీ ఉందట. డీలరుని అడగాలంటే ఆయన పరిస్థితి చూసి నోరు రావడం లేదట. ఆయనకి పని ఇవ్వగల, అన్ని కంపెనీల బళ్లూ చూసే మల్టీబ్రాండ్ వర్క్‌షాప్ నడిపేవాళ్లు గానీ, ఎవరికైనా తెలిసినవాళ్లు గానీ ఉంటే నాకు ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టండి. నంబర్ ఇక్కడ పెట్టను, ఆయన్ని అడిగి పంపిస్తాను. ఇంటి నుంచి రోజూ వెళ్లొచ్చేంత దూరంలో ఉంటే మంచిది, పిల్లలు స్కూల్లో ఉన్నారు.