గుండె ఆగితే ఐసు పెట్టమనే ఆ మెసేజ్ గురించి

"గుండె ఆగి పడిపోయినవాళ్లకి వెంటనే తల చుట్టూ, చంకల్లో ఐసు పెట్టండి. ఒళ్లు ఎంత చల్లబడితే మెదడు, కిడ్నీలు అంత భద్రం. మంచులో మునిగిన మనిషే బతికింది. ఆసుపత్రులు ఈ సంగతి దాచేస్తున్నాయి." మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. ఇందులో నిజం కొంత కలిసి ఉంది, అదే చిక్కు.

దాచారన్న మాట ముందు కొట్టేద్దాం. గుండె మళ్లీ కొట్టుకున్నా స్పృహ రానివాళ్లని చల్లబరిచి, యూరప్‌లో 275 మందిపైనా, ఆస్ట్రేలియాలో 77 మందిపైనా చేసిన పరీక్షలు 2002లో ఒకే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎన్నో దేశాల ఐసీయూల్లో 32–34 డిగ్రీల సెల్సియస్‌కి చల్లబరచడం మామూలైపోయింది.

ఇక "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది". ఒంటి వేడి ఒక్క డిగ్రీ తగ్గితే ఆక్సిజన్ ఖర్చు 6–7 శాతం తగ్గుతుంది, నిజమే. కానీ ఒళ్లు ఊరుకుంటుందా? వణుకుతుంది. స్పృహలేని రోగి దవడ మీద చెయ్యి వేస్తే సన్నటి అదురు తెలుస్తుంది. ఆదా అయిన ఆక్సిజన్‌ని ఆ వణుకే తినేస్తుంది. దాన్ని ఆపడానికి మత్తుమందు, ఒక్కోసారి కండరాలు కదలకుండా చేసే మందు. చలికి రక్తంలో పొటాషియం పడిపోతుంది, మళ్లీ వేడెక్కిస్తుంటే పైకి లేస్తుంది. అందుకే గంటకి పావు నుంచి అర డిగ్రీకి మించకుండా వేడెక్కిస్తారు. ఇదంతా ఐసు సంచితో ఇంట్లో అయ్యే పనా?

ఇంత చేసినా లాభమెంత? 2021లో వచ్చిన టీటీఎం-2 పరీక్షలో 1,850 మంది ఫలితాలు చూశారు. 33 డిగ్రీలకి చల్లబరిచినవాళ్లలో ఆరు నెలల్లో 50 శాతం చనిపోయారు. జ్వరం రాకుండా మాత్రమే చూసుకున్నవాళ్లలో 48 శాతం. లయ తప్పి గుండె ఇబ్బందిపడటం చల్లబరిచినవాళ్లలో 24 శాతం, మిగతావాళ్లలో 17 శాతం. కరెంటు షాక్ పనిచేయని రకం గుండె ఆగుడులో చల్లబరచడం మేలు చేసిందని 2019 నాటి హైపీరియన్ పరీక్ష చెప్పింది కాబట్టి వాదన పూర్తిగా ముగిసిపోలేదు. అయినా స్పృహ రానివాళ్లకి ఒంటి వేడి 37.7 డిగ్రీలు దాటనివ్వకండి అన్నదే 2022 నాటి యూరప్ మార్గదర్శకం. అంటే జ్వరాన్ని ఆపడం, మనిషిని గడ్డకట్టించడం కాదు.

కిడ్నీల మాట ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. బ్రెయిన్‌డెడ్ అయిన దాతలని 34–35 డిగ్రీల దగ్గర ఉంచితే, ఆ కిడ్నీలు అమర్చినవాళ్లలో మొదటి వారం డయాలసిస్ అవసరం 39 నుంచి 28 శాతానికి తగ్గిందని 2015లో తేలింది. లాభం కిడ్నీ అందుకున్నవాళ్లది. మెసేజ్ రాసినాయన గుండె ఆగినవాళ్లనీ, కిడ్నీ అందుకున్నవాళ్లనీ కలిపేశాడు.

మంచులో మునిగినామె అన్నా బోగెన్‌హోల్మ్, 1999, నార్వే. ఒంటి వేడి 13.7 డిగ్రీలకి పడిపోయినా బతికింది. ఆమె ఒళ్లు ముందు చల్లబడింది, గుండె తర్వాత ఆగింది. నేలమీద కుప్పకూలినవాళ్లకి వరుస తిరగబడుతుంది. పైగా ఆమెని బతికించింది రక్తాన్ని బయటికి తీసి వేడిచేసి ఎక్కించిన యంత్రం!

అంబులెన్స్ వచ్చేలోపు ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తితే ఛాతీ మీద నొక్కేదెవరు? నిమిషానికి 100–120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున, చేతులు మార్చుకుంటూ నొక్కుతూనే ఉండాలి.