పార్కులో నిలబెట్టిన రాతి చెట్టు గారికి

మహారాజశ్రీ రాయిగా మారిన చెట్టు మొద్దు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. తమ కుశలం మొన్న ఆదివారం కళ్లారా చూశాను.

స్కూలు ప్రాజెక్టని మా అమ్మాయిని వెంటబెట్టుకుని మండుటెండలో వచ్చాం. "ఇదేం చెట్టు నాన్నా?" అంది. చదివి చెబుదామని వంగితే, నల్ల గ్రానైటు మీద బంగారు అక్షరాలు. ఆవిష్కరించినవారు, అధ్యక్షత వహించినవారు, గౌరవ అతిథులు, ప్రత్యేక ఆహ్వానితులు. అట్టడుగున, "పురాతన వృక్షము". చేసేదేం లేక మా పిల్ల 'చెట్టు పేరు' అన్న గడిలో ముఖ్య అతిథి పేరు రాసుకుంది.

పురాతనమంటే ఎంతండీ? మా తాత నాటిన చింతచెట్టూ పురాతనమే. గోదావరి లోయలో బొగ్గయిన అడవుల వయసు పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. అప్పటికింకా డైనోసార్లు పుట్టనేలేదు. ఆ అడవుల్లో గ్లోసోప్టెరిస్ చెట్లదే రాజ్యం. తమరూ ఆ వంశమేనా? ఏ బొగ్గు బాయిలో దొరికారు? బొగ్గు పొరలోనా, దాని పైన తవ్విపోసే మట్టీ రాళ్లలోనా? ఎన్నో చెట్లు బొగ్గయి బాయిలర్లలో కాలిపోతుంటే, తమరి ఒంట్లోకి సిలికా కలిసిన నీళ్లు ఊరి, కణం కణం రాయయిందే, ఆ సంగతి రెండు లైన్లు రాస్తే గ్రానైటు అరిగిపోతుందా?

1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం ఆకలికీ చలికీ ప్రాణాలు పోతున్నా దాదాపు 16 కిలోల రాళ్లను వదల్లేదు. వాటిలో గ్లోసోప్టెరిస్ ఆకుల అచ్చులున్నాయి. ఇక్కడ ఏసీ కారు దిగి రిబ్బన్ కత్తిరించినవాళ్లకు తమరి పేరేంటని అడిగే తీరిక లేకపోయింది!

రెయిలింగు మీద ఎవరివో తువ్వాళ్లు ఆరుతున్నాయి. సెల్ఫీ కోసం తమరి నెత్తికెక్కిన కుర్రాణ్ని దిగమంటే "రాయే కదా అంకుల్" అన్నాడు. తమరి ఒంటి మీద పెయింటుతో పేర్లు రాసిన ప్రేమజంటను మాత్రం నేనేమీ అనను. పక్కనున్న ఫలకం చూసే నేర్చుకుని ఉంటారు.

నాకు అసలు మండింది ఇంకోటి. తవ్వకంలో మిషను ఆపి, ఇది మామూలు బండ కాదని గుర్తుపట్టినవాడు ఒకడుండి ఉంటాడు కదా? ముక్కలు కాకుండా పైకి తెచ్చినవాళ్లు ఉంటారు కదా? వాళ్లలో ఒక్కడి పేరూ లేదు. కొబ్బరికాయ కొట్టినవాడి పేరుంది! సిగ్గుండక్కర్లా? నిన్ను కాదులే, నువ్వేం చేస్తావు.

ఆ మనిషెవరో తెలిస్తే కబురు పెట్టు. గ్రానైటు కాకపోయినా రేకు మీదైనా నేనే రాయించి తెస్తాను. నీ పేరు పైన, అతని పేరు కింద.

చిత్తగించవలెను.