“ఐటీఐ ఎందుకు, మేస్త్రి వెంట తిరిగితే చాలు” అన్న మెసేజ్‌కు నా జవాబు

బెంగళూరులో పనిచేసే మన తెలుగు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ కొన్నాళ్లుగా తిరుగుతోంది. కదిరి నుంచి మా అక్క కొడుకు దాన్ని నాకు పంపి, “ఏం చేయమంటావు మామా?” అని అడిగాడు. అందులో ఉన్నది ఇదీ: ఎలక్ట్రీషియన్ కావడానికి ఐటీఐలో రెండేళ్లు పుస్తకాలు బట్టీ పట్టడం వేస్టు. బెంగళూరు వచ్చి ఆరు నెలలు మేస్త్రి వెంట తిరిగితే పని వచ్చేస్తుంది. సర్టిఫికెట్ ఎవరూ అడగరు. అప్రెంటిస్ (కంపెనీలో చేరి పని నేర్చుకోవడం) అంటే ఆ కంపెనీకి ఊరికే చాకిరీ చేయడమే.

నేను బెంగళూరుకు హెల్పరుగా వచ్చి, తర్వాత ఐటీఐ చదివాను. రెండు దారులూ తెలుసు కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్తాను.

పుస్తకాలు బట్టీ పట్టడం అన్నది అసలు నిజం కాదు. 2022లో మార్చిన సిలబస్ ప్రకారం ఎలక్ట్రీషియన్ ట్రేడ్ మొదటి ఏడాది 1200 గంటల్లో 840 గంటలు ప్రాక్టికలే. థియరీ 240 గంటలు. మోటారు విప్పడం, ఎర్తింగ్ గుంత వేయడం, మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ (వైరు మీది తొడుగు) బాగుందో లేదో చూడటం, అన్నీ చేత్తో చేయాల్సినవే.

ఇక ఆరు నెలల్లో పని వచ్చేస్తుందన్న మాట. గోడ కొట్టడం, పైపు వేయడం, వైరు లాగడం, బోర్డు బిగించడం వస్తాయి. నాకూ వచ్చాయి. మా మేస్త్రి చేతిపని చాలా నీటుగా ఉండేది, ఆయన దగ్గర నేర్చుకున్నది ఈ రోజుకీ వాడుతున్నాను. కానీ మారతహళ్లి దగ్గర ఒక ఇంట్లో జరిగింది చెప్పాలి.

ఆ ఇంట్లో వంటగదికీ బాత్‌రూముకూ కలిపి ఒకే లైను, 1.5 స్క్వేర్ ఎంఎం వైరు. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఒకేసారి వేస్తే కాసేపటికి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్చు) పడిపోయేది. మేస్త్రి దాన్ని తీసేసి 32 ఆంపియర్లది పెట్టాడు. ట్రిప్ కావడం ఆగింది. ఓనరు సంతోషంగా డబ్బులిచ్చాడు, నేను మా మేస్త్రి గొప్పవాడనుకున్నాను. కొన్ని వారాలకు కాలిన వాసన వస్తోందని ఫోనొచ్చింది. వెళ్లి వైరు లాగితే రాలేదు. ఇన్సులేషన్ కరిగి పైపుకు అంటుకుపోయింది. ఆ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు.

తప్పేమిటో నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత ఐటీఐలో మా సారు బోర్డు మీద వాట్లను వోల్టులతో భాగించి చూపించిన రోజు తెలిసింది. 5000ను 230తో భాగిస్తే దాదాపు 22 ఆంపియర్లు. పైపులో ఉన్న ఆ వైరు మోయగలిగేది ఉజ్జాయింపుగా 15. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. 32 ఆంపియర్లది 22 దగ్గర పడిపోదు, అది పడేలోపు వైరే కాలుతుంది. గీజరుకు వేరే లైను, లావు వైరు వేయడమే సరైన పని. ఎంసీబీ మనిషిని షాకు నుంచి కాపాడదనీ, దానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) కావాలనీ కూడా ఆ క్లాసుల్లోనే నేర్చుకున్నాను.

ఇంకోటి, టెస్టరు. న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) తెగినప్పుడు లోడు, అంటే బల్బో ఫ్యానో, ఆన్‌లో ఉంటే సాకెట్‌లో రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. హెల్పరుగా ఉన్నప్పుడు “రెండు ఫేజులు వస్తున్నాయి” అనేవాణ్ణి. కరెంటు లోడు గుండా వెళ్లి, తిరిగి పోయే దారి లేక అక్కడ నిలబడిందని అప్పుడు ఊహించలేదు. త్రీఫేజ్ బిల్డింగులో మెయిన్ న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన ఫ్లాటుకు 400 దాకా రావచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. టెస్టరొక్కటే నమ్ముకున్నవాడు ఇది పట్టుకోలేడు.

సర్టిఫికెట్ ఇంటి ఓనరు అడగకపోవచ్చు, నిజమే. కానీ చట్టం అడుగుతుంది. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం లాంటివి తప్ప మిగతా వైరింగ్ పనిని లైసెన్సున్న కాంట్రాక్టరు తరఫున, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు కింద, పర్మిట్ ఉన్నవాళ్లే చేయాలి. అవేవీ లేకపోతే ఎన్నేళ్లు చేసినా ఇంకొకరి సంతకం కిందే బతకాలి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పదో తరగతితో పాటు ఐటీఐ గానీ, డిప్లొమా గానీ అడుగుతారు. రెండేళ్ల ఐటీఐ తర్వాత డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది.

అప్రెంటిస్ అంటే ఊరికే చాకిరీ అన్నది నాకు అన్నిటికంటే బాధ కలిగించిన మాట. 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ ఇవ్వడం తప్పనిసరి. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7000 రూపాయలుగా పెట్టారు. బెంగళూరులోని హెచ్ఏఎల్, బీఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు ఐటీఐ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. అప్రెంటిస్ చివర్లో పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వే తన దగ్గర అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయిస్తుంది. అంత డబ్బుతో బెంగళూరులో గది అద్దె కట్టి తినడం కష్టమే, కాదనను. స్టైపెండ్ ఎగ్గొట్టే చోట్లు ఉండొచ్చు కాబట్టి, చేరేముందే కాంట్రాక్టు ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిందో లేదో చూసుకోవాలి.

మా వాడికి ఫోన్ చేసి ఒక్క పని చెప్పాను. సీటు తీసుకునే ముందు ఐటీఐకి వెళ్లి వర్క్‌షాపు చూపించమని అడుగు. హాజరు కాగితం మీదే వేసి పంపించే ప్రైవేటు ఐటీఐలు కొన్ని ఉన్నాయి, ఆ మెసేజ్ రాసినవాడు బహుశా అలాంటి చోటే చదివి ఉంటాడు. మోటార్లు విప్పి ఉన్నాయా, మెగ్గర్ ఎవరైనా వాడుతున్నారా, పిల్లల చేతులకు గ్రీజు ఉందా చూడు. లేకపోతే అక్కడ డబ్బు కట్టొద్దు, నాకు ఫోన్ చెయ్, ఇంకో ఐటీఐ చూద్దాం.